అన్ని డిపార్ట్‌మెంట్లూ ఖర్చు తగ్గించాయి, లాభం మాత్రం పెరగలేదు. వాల్యూ చైన్ అంటే ఇదేనా?

డిస్పాచ్_డెస్క్
మాది పంపులు తయారుచేసే మధ్యస్థాయి కంపెనీ. నేను డిస్పాచ్‌లో ఉంటాను. పోయిన ఏడాది యాజమాన్యం ఒక కన్సల్టెంటును పిలిపించింది. ఆయన వాల్యూ చైన్ అంటూ కంపెనీ పనులన్నిటినీ తొమ్మిది గడుల్లో చూపే బొమ్మ గీసి, ఏ గడి ఎవరిదో పేర్లు రాసి వెళ్లారు. ఆ తర్వాత ఎండీ గారు అన్ని గడులకూ ఒకటే టార్గెట్ పెట్టారు: ఖర్చు పది శాతం తగ్గాలి.

పర్చేజ్ వాళ్లు షాఫ్ట్ సీల్ (తిరిగే ఇరుసు పక్కనుంచి నీళ్లు కారకుండా ఆపే భాగం) సప్లయర్‌ని మార్చారు. కొత్త సీల్ చవక. టార్గెట్ అయిపోయింది, మీటింగులో చప్పట్లు కూడా పడ్డాయి. కొన్నాళ్లకు ఫీల్డ్ నుంచి లీకేజీ ఫిర్యాదులు మొదలయ్యాయి. సర్వీసు వాళ్లు వెళ్లి, పంపు విప్పి, సీల్ మార్చి, మళ్లీ బిగించి రావాలి. ఆ ఖర్చంతా సర్వీసు గడిలో పడింది కాబట్టి అక్షింతలూ వాళ్లకే పడ్డాయి.

మా సంగతీ అంతే. లారీ నిండేదాకా ఆపితే రవాణా ఖర్చు తగ్గుతుంది. ఆపాం, తగ్గింది. సరుకు ఎప్పుడొస్తుందో తెలియక డీలర్లు ముందుజాగ్రత్తగా ఎక్కువ ఆర్డర్లు పెట్టి, తర్వాత సగం క్యాన్సిల్ చేస్తున్నారు. ప్రొడక్షన్ ప్లానింగ్ వాళ్లకు నిద్ర లేదు.

పోటీలో పైచేయి తెచ్చిపెడుతుందని చెప్పిన బొమ్మ ఇది. లోపం సిద్ధాంతంలో ఉందా, మా వాడకంలో ఉందా?

సరదా_శాస్త్రి
బొమ్మకు ఫ్రేమ్ కట్టించారా లేదా? ముందు అది చెప్పండి.

డిస్పాచ్_డెస్క్
కట్టించారు. రిసెప్షన్‌లో ఉంది.

మేనేజ్‌మెంట్_మాస్టారు
వాడకంలోనే ఉంది. హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ 1985లో ఈ బొమ్మ వేసింది కంపెనీని ముక్కలు చేసి వదిలేయడానికి కాదు. సరుకు లోపలికి తెచ్చుకోవడం, తయారీ, బయటికి పంపడం, అమ్మకాలు, అమ్మాక సర్వీసు, ఈ ఐదూ అసలు పనులు. కొనుగోళ్లు, టెక్నాలజీ, మనుషుల నిర్వహణ, మిగతా యంత్రాంగం, ఈ నాలుగూ వాటికి దన్ను. ఇంతవరకు పరీక్షలో అందరూ రాసేస్తారు. వదిలేసేది ఆ తర్వాతి మాట: ఒక పని ఎలా చేశామన్నదాన్ని బట్టి ఇంకో పని ఖర్చు మారిపోతుంది. ఆయన ఇచ్చిన ఉదాహరణే చూడండి. ముందే కోసిపెట్టిన నాణ్యమైన స్టీలు షీట్లు కొంటే తయారీ తేలికవుతుంది, తుక్కు తగ్గుతుంది. కొనుగోలు గడిలో ఖర్చు పెరిగినా మొత్తం మీద కలిసొస్తుంది. మీ సీల్ ఇదే కథ, తలకిందులుగా.

ఇంకో సంగతి. పైచేయి అనేది మీ పోయిన ఏడాది లెక్కతో పోల్చుకుని చెప్పేది కాదు, పోటీదారుతో పోల్చి చెప్పేది. అదే పని వాళ్లకంటే తక్కువలో చేయాలి, లేదంటే కొనేవాడు కాస్త ఎక్కువైనా ఇస్తాననేలా వేరుగా చేయాలి. అన్ని గడుల్లోనూ సమానంగా పది శాతం కోస్తే ఈ రెంటిలో ఏ దారి పట్టినట్టు?

పాత_ఇనుము
పాఠం బాగుంది మాస్టారూ. కానీ ఈ పాఠం అందరూ చదివారు కదా. పోటీదారు కూడా అదే కన్సల్టెంటును పిలుస్తాడు. ఇద్దరి గోడ మీదా అదే బొమ్మ ఉంటే పైచేయి ఎవరికి?

సరదా_శాస్త్రి
కన్సల్టెంటుకి.

రన్‌వే_రాజు
@పాత_ఇనుము చదవడం వేరు, చేయగలగడం వేరు. అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఏం చేస్తోందో దశాబ్దాల పాటు అందరికీ కనపడుతూనే ఉంది. ఒకే రకం విమానం, బోయింగ్ 737. అందుకని పైలట్లకు ఒకే శిక్షణ, ఒకే రకం విడిభాగాల స్టాకు, ఒకటి చెడితే దాని బదులు ఏదైనా పెట్టొచ్చు. భోజనం లేదు, కాబట్టి ఎక్కించడం దించడం లేదు. మొన్నమొన్నటిదాకా సీటు నంబర్లు ఉండేవి కావు. పెద్ద హబ్‌ల (ప్రయాణికులు విమానం మారే కేంద్రాల) మీదుగా తిప్పకుండా నేరుగా తీసుకెళ్తారు, కాబట్టి ఆలస్యమైన వేరే విమానం కోసం కాచుకునే పని తక్కువ. ఇవన్నీ కలిసి సాధించేది ఒక్కటే, దిగిన విమానాన్ని చకచకా మళ్లీ గాల్లోకి లేపడం. గేటు దగ్గర నిలబడ్డ విమానం పైసా సంపాదించదు.

కాంటినెంటల్ అనే ఇంకో అమెరికా విమాన సంస్థ దాన్ని చూసి 1993లో కాంటినెంటల్ లైట్ మొదలుపెట్టింది. భోజనం తీసేసింది, టికెట్టు తగ్గించింది, ట్రిప్పులు పెంచింది. కానీ రకరకాల విమానాలు అలాగే ఉంచింది, సీటు కేటాయింపు ఉంచింది, మిగతా రూట్లలో ఫుల్ సర్వీసూ ఉంచుకుంది. ఆలస్యాలు, ఫిర్యాదులు మీద పడ్డాయి. 1995లో మూసేశారు. నాలుగు పనులు కాపీ కొట్టొచ్చు. వాటిని కలిపి ఉంచే మిగతావి కాపీ కొట్టాలంటే తమ పాత వ్యాపారాన్ని వదులుకోవాలి. అక్కడే ఆగిపోతారు.

పాత_ఇనుము
మరి 2022 డిసెంబరు సంగతో? మంచు తుపాను అందరికీ వచ్చింది. మిగతా కంపెనీలు త్వరగానే కోలుకున్నాయి. సౌత్‌వెస్ట్ మాత్రం 16,000కు పైగా విమానాలు రద్దు చేసింది. ఏ సిబ్బంది ఎక్కడ చిక్కుకున్నారో వాళ్ల షెడ్యూలింగ్ సిస్టమ్‌కే అంతుపట్టలేదు. పైగా 2025 మే నుంచి బ్యాగులకు డబ్బు, 2026 జనవరి నుంచి సీటు నంబర్లు. మీరు మెచ్చుకుంటున్న గొలుసును వాళ్లే విప్పేస్తున్నారు.

రన్‌వే_రాజు
ఒప్పుకుంటాను, కానీ అది నా వాదనను కొట్టేయదు. హబ్‌లు లేకపోవడం మామూలు రోజుల్లో లాభం. తుపాను రోజున అదే సిబ్బందిని దేశమంతా చెల్లాచెదురు చేసింది. దాన్ని పట్టుకోవాల్సింది టెక్నాలజీ అనే దన్ను పని. అది పాతబడిపోతోందని వాళ్ల పైలట్ల సంఘం ముందు నుంచీ మొత్తుకుంటూనే ఉంది. పనులు ఒకదానికొకటి ఎంత గట్టిగా ముడిపడి ఉంటే, ఒక్కటి తెగినప్పుడు దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

కుట్టుమిషన్
గార్మెంట్స్ లైనులో ఉన్నదాన్ని. "ఖర్చు ఎక్కడ తక్కువైతే అక్కడ కుట్టించు" అన్నది మా దగ్గర వేదవాక్కు. స్పెయిన్ బట్టల కంపెనీ జారా దీనికి ఎదురు నడిచింది. ఫ్యాషన్ తొందరగా మారే రకాల్లో చాలా భాగం స్పెయిన్‌లోనో, పోర్చుగల్, మొరాకో లాంటి దగ్గరి దేశాల్లోనో చేయిస్తుంది. కుట్టుకూలి ఎక్కువే. కొంత గుడ్డను రంగు వేయకుండా ఉంచుకుంటుంది. ఏ రంగు నడుస్తోందో షాపుల నుంచి కబురొచ్చాకే అద్దకం. వారానికి రెండుసార్లు షాపులకు సరుకు వెళ్తుంది.

సందేహాల_సంచి
కూలి ఎక్కువైతే లాభం ఎలా వస్తుందండి? కొత్తవాడిని, తెలియక అడుగుతున్నా.

కుట్టుమిషన్
బట్టల వ్యాపారంలో అసలు నష్టం కుట్టుకూలిలో ఉండదు, మిగిలిపోయిన సరుకులో ఉంటుంది. నెలల ముందే అంచనా వేసి ఓడలో తెప్పిస్తే కూలి ఆదా అవుతుంది. అంచనా తప్పితే సీజను చివర సగం ధరకు వదిలించుకోవాలి. ఆ డిస్కౌంటు అమ్మకాల గడిలో పడుతుంది, దాని కారణం కొనుగోలు గడిలో ఉంటుంది. తక్కువ తక్కువగా చేసి, పోయేదాన్నే మళ్లీ చేస్తే ఎక్కువ భాగం పూర్తి ధరకే పోతుంది. డిస్పాచ్ గారూ, మీ లారీ కథకు ఇది దగ్గరగా లేదూ?

డిస్పాచ్_డెస్క్
చాలా దగ్గరగా ఉంది. లారీ సగం ఖాళీగా వెళ్లినా చెప్పిన రోజున వెళ్తే డీలరు దొంగ ఆర్డర్లు పెట్టడు. కానీ ఇది ఎండీకి ఎలా చూపించాలి? నా గడిలో ఖర్చు పెరుగుతుంది, లాభం ఇంకెక్కడో కనిపిస్తుంది.

ఖాతా_పుస్తకం
ఇక్కడ నేను దూరాలి. మీ అసలు సమస్య మీ పుస్తకాల్లో ఉంది. లెడ్జరులో జీతాలు, కరెంటు, రవాణా, రిపేర్లు అని ఉంటాయి. "లీకైన పంపు బాగుచేయడం" అనే ఖాతా ఎక్కడా ఉండదు. ఆ ఒక్క పని ఖర్చు నాలుగు చోట్ల చెదిరి ఉంటుంది. టెక్నీషియన్ జీతం జీతాల్లో, ప్రయాణం రవాణాలో, కొత్త సీల్ స్టోర్స్ వినియోగంలో, డీలరును బుజ్జగించడానికిచ్చిన క్రెడిట్ నోటు అమ్మకాల తగ్గింపులో. అందుకే చవక సీల్ ఎప్పటికీ చవకగానే కనపడుతుంది. నాలుగింటినీ ఒక్కచోటికి లాగి, ఫెయిలైన సీళ్ల సంఖ్యతో భాగించండి. వచ్చిన అంకెను పర్చేజ్ ఆదా చేసిన అంకె పక్కన రాయండి. చాలు.

1980ల చివర్లో కూపర్, కాప్లాన్ అనే ఇద్దరు అకౌంటింగ్ ప్రొఫెసర్లు చెప్పిన యాక్టివిటీ ఆధారిత లెక్క ఇదే. పోర్టర్ బొమ్మకు అంకెలు అతికించాలంటే ఈ జిగురు కావాలి.

మా దగ్గర జరిగింది చెప్తాను. స్పెషల్ సైజులు బాగా అమ్ముడవుతున్నాయని మా సేల్స్ వాళ్లు తెగ సంబరపడేవాళ్లు. నాలుగు పీసుల ఆర్డరైనా, నాలుగొందల పీసుల ఆర్డరైనా మెషిన్ సెట్టింగు ఒకటే, డ్రాయింగ్ చెక్ ఒకటే, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఒకటే, ఇన్‌వాయిసు ఒకటే. ఓవర్‌హెడ్‌ను (ఇలాంటి ఉమ్మడి ఖర్చులను) మాత్రం పీసుల లెక్కన పంచేవాళ్లు. అంటే చిన్న ఆర్డర్ల బరువంతా పెద్ద ఆర్డర్ల నెత్తిన. దాంతో పెద్ద ఆర్డర్లలో మా రేటు ఎక్కువై అవి పోటీదారుకు పోయేవి, చిన్నవి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవి. పోటీదారు ఏ గొప్ప పనీ చేయలేదు. మా కాస్టింగ్ షీటే ఆయనకు వ్యాపారం పంపించింది.

పాత_ఇనుము
ఇదొక్కటి మాత్రం నోరు మూసుకుని ఒప్పుకుంటా. స్పెషల్ సైజులు ఆపేశారా?

ఖాతా_పుస్తకం
ఆపలేదు, రేటు పెంచారు. కొందరు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు రేటు గురించి గొడవ పెట్టలేదు, త్వరగా కావాలని మాత్రం అడిగారు. అక్కడ మా సత్తా ధరలో లేదు, వేగంలో ఉందని అప్పుడే తేలింది.

రెంచ్_చేతిలో
ఇన్ని పోస్టుల్లో సర్వీసు వాళ్లను తిట్లు తినేవాళ్లుగానే చూపించారు కాబట్టి మా వైపు నుంచి కూడా వినండి. లీకైన సీల్ విప్పి చూస్తే కారణం చాలాసార్లు దాని మీదే రాసి ఉంటుంది. సీల్‌లో ఒరుసుకుంటూ తిరిగే ముఖం మీద గుండ్రంగా గీతలుంటే నీళ్లలో ఇసుక వచ్చినట్టు. రబ్బరు ఉబ్బి మెత్తబడితే ఆ ద్రవానికి ఆ మెటీరియల్ పనికిరాదన్నట్టు. ముఖం మీద వేడికి వెంట్రుకల్లాంటి పగుళ్లుంటే పంపును నీళ్లు లేకుండా తిప్పారు. ఇవి మాకు చూడగానే తెలుస్తాయి. కానీ జాబ్ కార్డులో "సీల్ మార్చడమైనది" అని రాసి సంతకం పెడతాం. ఫారంలో అంతకు మించి జాగా లేదు. పాత సీల్ చెత్తబుట్టలోకి పోతుంది, దానితో పాటు డిజైన్ వాళ్లకు చేరాల్సిన సమాచారమూ పోతుంది. ఏ సీల్ ఎందుకు పోయిందో మా పోటీదారు రాసిపెట్టుకుని డిజైన్‌కు పంపిస్తుంటే, రెండేళ్లలో వాడి పంపు మాదానికంటే మంచిదవుతుంది. దీనికి పెట్టుబడి ఏం కావాలి? ఫారంలో మూడు గళ్లు.

మేనేజ్‌మెంట్_మాస్టారు
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన మంచి పోస్టు ఇదే. దీన్ని చివరిదాకా లాగితే రోల్స్‌రాయిస్ పద్ధతి వస్తుంది. 1962లో బ్రిస్టల్ సిడ్లీ అనే సంస్థ వైపర్ అనే విమాన ఇంజిన్లకు మొదలెట్టింది, తర్వాత ఆ సంస్థను రోల్స్‌రాయిస్ కొనేసింది. రిపేరుకింత, విడిభాగానికింత అని కాకుండా ఇంజిన్ ఎగిరిన గంటకు ఇంత అని తీసుకుంటారు. పాత పద్ధతిలో ఇంజిన్ చెడితే తయారీదారుకు విడిభాగాల అమ్మకం. ఇందులో చెడితే ఖర్చు. అప్పుడు డిజైన్ వాళ్లు, సర్వీసు వాళ్లు ఒకే వైపు లాగుతారు.

సరదా_శాస్త్రి
మా ఆఫీసు ఏసీ మెకానిక్‌కు కూడా ఈ పద్ధతి పెట్టాలి. చల్లగా ఉన్న గంటలకే డబ్బు.

రెంచ్_చేతిలో
అప్పుడు మిమ్మల్ని కిటికీలు తెరవనివ్వడు శాస్త్రి గారూ.

లైన్_ఇంచార్జి
ఇందాక పాత ఇనుము గారు అడిగిన కాపీ ప్రశ్నకు మా కార్ల వాళ్ల దగ్గర ఇంకా మంచి కథ ఉంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటు ఉండేది. సెలవు చెప్పకుండా మానేసేవాళ్లు, యూనియన్‌తో నిత్యం గొడవలు, నాణ్యత అధ్వానం. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి నమ్మి అనే పేరుతో అదే చోట మళ్లీ తెరిచారు. యూనియన్ అదే, తీసుకున్న కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్లే. కొద్ది కాలంలోనే జీఎం ప్లాంట్లలో నాణ్యతకు పేరు మోసింది అదే.

మారిందేమిటి? లోపం కనపడితే లైన్ వెంబడి కట్టిన తాడును ఎవరైనా లాగొచ్చు. వెంటనే టీమ్ లీడర్ పరుగున వస్తాడు, తిట్టడానికి కాదు, సాయం చేయడానికి. అప్పటికీ తెమలకపోతే లైన్ ఆగుతుంది. తాడులో మహత్యం లేదు, ఎవరైనా కట్టుకోవచ్చు. కానీ తాడు పనిచేయాలంటే సూపర్‌వైజరును రోజుకెన్ని కార్లు వచ్చాయన్న ఒక్క అంకెతోనే కొలవకూడదు. సప్లయర్ల నుంచి నాసి విడిభాగాలు రాకూడదు, వస్తే రోజంతా తాడు లాగడమే సరిపోతుంది. ఆపినవాడి ఉద్యోగానికి భయం ఉండకూడదు. అంటే మనుషుల నిర్వహణ, కొనుగోళ్లు, తయారీ మూడూ కలిసి మారాలి. జీఎం తన మేనేజర్లను పంపించి నేర్పించింది, వాళ్లు నేర్చుకున్నారు కూడా. మిగతా ప్లాంట్లకు పాకడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ పట్టింది. టయోటా తలుపులు తెరిచే పెట్టింది, ఏదీ దాచలేదు.

సరదా_శాస్త్రి
నమ్మి చెడినవాడు లేడన్నారు. నమ్మకుండా చెడింది మిగతా ప్లాంట్లన్నమాట.

పాత_ఇనుము
శాస్త్రి గారికి ఈ ఒక్క జోకుకు మాత్రం మార్కులు వేస్తున్నా.

సప్లై_సీత
కంపెనీ గోడ దాటి కూడా లింకులుంటాయి, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 2000 మార్చి 17న అమెరికాలోని అల్బుకర్కీలో పిడుగుపాటు వల్ల ఫిలిప్స్ చిప్ ప్లాంటులో చిన్న మంట లేచింది. నిమిషాల్లో ఆర్పేశారు. కానీ పొగ, నీళ్లు క్లీన్ రూములోకి (దుమ్ము చేరకూడని చిప్‌ల తయారీ గదిలోకి) వెళ్లాయి. ఆ చిప్‌ల మీద ఆధారపడినవాళ్లలో ఫోన్ల కంపెనీలు నోకియా, ఎరిక్సన్ పెద్దవి. ఇద్దరికీ వారం రోజుల ఆలస్యం ఉంటుందనే మొదట చెప్పారు. నోకియా ఆ మాటను పట్టుకుని కూర్చోలేదు. ఆ విడిభాగాలను రోజూ కనిపెట్టే జాబితాలో పెట్టింది, విషయం పైవాళ్లకు వెంటనే వెళ్లింది, వేరే ప్లాంట్ల సామర్థ్యాన్ని ముందే పట్టేసుకుంది, కొన్ని చిప్‌లకు డిజైన్ కూడా మార్చింది. ఎరిక్సన్‌లో కబురు కింది స్థాయిలోనే వారాలు నానింది. కదిలేసరికి దొరికే సరుకు లేదు. నష్టం దాదాపు 40 కోట్ల డాలర్లు. 2001లో ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో కలిపేసుకుంది. దానికి ఇంకా చాలా కారణాలున్నాయి, అన్నీ ఈ మంట మీద రుద్దను.

డిస్పాచ్ గారు గమనించాల్సిన ముక్క ఇది: ఎరిక్సన్ అంతకుముందు ఖర్చు తగ్గించడానికే సప్లయర్లను కుదించి, ఆ చిప్‌లకు ఒక్కరి మీదే ఆధారపడింది. పది శాతం మీటింగులో దానికీ చప్పట్లు పడే ఉంటాయి.

డిస్పాచ్_డెస్క్
ఇవన్నీ చదివి భయం పట్టుకుంది, ఎందుకంటే కొత్త కబురు ఇంకోటుంది. అసెంబ్లీని బయటికి ఇచ్చేద్దామని ఎండీ గారి ఆలోచన. డిజైన్, బ్రాండ్ మన దగ్గర ఉంటే చాలట.

రన్‌వే_రాజు
బోయింగ్ 787 గుర్తు చేయండి. రెక్కలు, బాడీ ముక్కలు పార్ట్‌నర్లకు ఇచ్చి, తాము అతికిస్తే చాలనుకున్నారు. 2008లో అందాల్సిన మొదటి విమానం 2011 సెప్టెంబరులో అందింది. మధ్యలో 2009లో సౌత్ కరోలినాలోని ఒక పార్ట్‌నర్ ప్లాంటును కొనేసుకోవాల్సి వచ్చింది.

కుట్టుమిషన్
అలాగని అన్నీ ఇంట్లోనే చేయాలనీ లేదు. నైకీ సొంతంగా బూట్లు కుట్టదు. తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ 1987 నుంచి ఇతరుల చిప్‌లే తయారుచేస్తోంది, తన పేరుతో చిప్ అమ్మదు. ఒకరు వదిలేసిన పనే ఇంకొకరికి బంగారం.

లైన్_ఇంచార్జి
పంపు విషయంలో నేనైతే ఇలా చూస్తా. కాస్టింగ్, ప్యాకింగ్ బయట చేయించినా కొంప మునగదు. సీల్ కూర్చోబెట్టడం, షాఫ్ట్ అలైన్‌మెంటు, చివర టెస్ట్ బెంచి, ఈ మూడూ వదలొద్దు. పంపు లీకవుతుందో లేదో తేలేది అక్కడే. మీ మనుషులు నేర్చుకునేదీ అక్కడే. బయటికి ఇస్తే ఆ నేర్పు వాడికి వెళ్తుంది, వాడు రేపు మీ పోటీదారుకూ అదే బెంచి మీద బిగిస్తాడు.

పాత_ఇనుము
నా అనుమానం ఇంకా పూర్తిగా తీరలేదు. మీరు చెప్పిన ప్రతి కంపెనీ గెలిచాక కథ చెప్తున్నారు. గెలవకముందు ఏ లింకు ముఖ్యమో ఎలా తెలుస్తుంది?

ఖాతా_పుస్తకం
ముందే పూర్తిగా తెలియదు. కానీ రెండు చోట్ల వెతకొచ్చు. ఒకటి, మిమ్మల్ని వదిలేసి వెళ్లిన కస్టమరు చెప్పే కారణం. రెండు, రెండు డిపార్ట్‌మెంట్లు నెలనెలా ఒకే విషయం మీద కొట్టుకునే చోటు. అక్కడ ఒకరి ఆదా ఇంకొకరి ఖర్చవుతోందని దాదాపు ఖాయం.

డిస్పాచ్_డెస్క్
ఖాతా గారు చెప్పినట్టు సీల్ లెక్క ఒక్క పేజీలో వేశాను. సర్వీసు వాళ్లు పాత జాబ్ కార్డులు ఇచ్చారు. పర్చేజ్ హెడ్ మొదట మండిపడ్డారు, తర్వాత ఒక్క మాట అడిగారు: "పాత సీల్‌కి తిరిగి వెళ్తే నా టార్గెట్ ఎవరు సర్దుతారు?" న్యాయమైన ప్రశ్నే. పర్చేజ్, సర్వీసు ఇద్దరికీ కలిపి ఒకే టార్గెట్ పెట్టమని ఎండీ గారికి ఇద్దరి సంతకాలతో రాశాం. జవాబు ఇంకా రాలేదు. జాబ్ కార్డులో మూడు గళ్లు మాత్రం వచ్చేశాయి, దానికి ఎవరి అనుమతీ అడగలేదు.

రెంచ్_చేతిలో
ఆ ఫారం ఇక్కడ పెట్టండి, మేమూ కొట్టేస్తాం. ఇది కాపీకి తేలికే.

సందేహాల_సంచి
చివరగా ఒకటి. నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లో. మాకు ముడిసరుకు లేదు, లారీ లేదు. ఈ బొమ్మ మాకు పనికొస్తుందా?

మేనేజ్‌మెంట్_మాస్టారు
బలవంతంగా అతికించొద్దు. స్టాబెల్, ఫ్యెల్‌స్టాడ్ అనే ఇద్దరు 1998లో ఇదే చెప్పారు. సరుకు ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయే వ్యాపారాలకే గొలుసు సరిపోతుంది. ఆసుపత్రి, లాయరు, మీలాంటి సపోర్ట్ వాళ్లది సమస్య తీర్చే పని. సమస్య ఏమిటో కనుక్కోవడం, దారి ఎంచుకోవడం, చేయడం, కుదిరిందో లేదో చూడడం, కుదరకపోతే మళ్లీ మొదటికి రావడం. అక్కడ పైచేయి సమస్యను మొదటిసారే సరిగ్గా పట్టుకోవడంలో ఉంటుంది. మీ దగ్గర మూసేసిన టికెట్లలో (కస్టమర్లు నమోదు చేసిన సమస్యల్లో) మళ్లీ తెరుచుకునేవి ఎన్ని?

సందేహాల_సంచి
మూసినవాటి లెక్క ఉంది, మళ్లీ తెరుచుకున్నవాటి లెక్క లేదు. మా టీమ్ లీడ్ బోనస్ మూసినవాటి మీదే.

ఖాతా_పుస్తకం
దీనికి కొత్త థ్రెడ్ తెరవండి. బోనస్ ఫార్ములా ఏమిటో పూర్తిగా రాయండి.